ఏర్గట్ల నుంచి ఒక్కతే

నిజామాబాద్‌లోని ప్రెస్సు నుంచి ‘సవాల్’ కట్టలు మోసుకొచ్చేసరికి నవతకు నడుం పడిపోయింది. యూనివర్సిటీ పెట్టిన కొత్తలో విద్యార్థులే మొదలుపెట్టిన పత్రిక అది. ఇప్పుడు నడిపేది ఎం.ఏ. ఆఖరి ఏడాది నవత, ఆమె జూనియర్ శివకుమార్, అంతే. చదివేవాళ్లు అంతకన్నా తక్కువేమోనని ఆమె అనుమానం. క్యాంటీన్‌లో బజ్జీల నూనె ఒత్తడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తోంది.

మడతలు పెడుతున్న శివకుమార్ ఆగిపోయాడు.

“అక్కా, అన్నంల పురుగుల సంగతి కింద ‘ఏర్గట్ల విద్యార్థిని’ అని పడ్డది.”

“ఎప్పుడూ గట్లనే గదా ఏసేది.”

“ఇప్పుడు హాస్టల్ల ఏర్గట్ల పిల్ల అఖిల ఒక్కతే అక్కా.”

నవత ఆ కాపీ లాక్కుని చూసింది. ఫిర్యాదు రాసినవాళ్ల పేరు దాచి ఊరు మాత్రం వేయడం సవాల్ ఆనవాయితీ. అప్పట్లో ఒక్కో ఊరి నుంచి పదిమంది ఉండేవాళ్లు, రాసిందెవరో తెలిసేది కాదు. ఇప్పుడు ఊరు చెబితే పేరు చెప్పినట్టే. ఇంతమాత్రం తట్టలేదేమని నవతకు తనమీద తనకే ఒళ్లు మండింది. అఖిల మొదటి ఏడాది పిల్ల. హాస్టల్ సీటు పోతే వాళ్ల బాపు చదువు మాన్పిస్తాడు. రోజూ అంత దూరం బస్సులో పంపడు.

ఇద్దరూ కూర్చుని ఒక్కో కాపీలో ఊరి పేరును నల్లపెన్నుతో కొట్టేస్తుంటే అఖిలే వచ్చింది. సంగతి విని, ఇంకా కొట్టేయని కాపీ ఒకటి తీసుకుంది.

“కొట్టేస్తే అందర్నీ అడుగుతరక్కా. మొన్న వార్డెన్ మేడం మా రూముల రోజాను ఉత్తగనే పిలిచి తిట్టింది. రాసింది నేనే గదా, ఉండనియ్యి.”

“సీటు పోతది పిల్లా. మీ బాపుకు ఏం చెప్తవ్?”

“ఏమో. భయమైతుంది. అయినా ఉండనియ్యి.”

మొదటి కాపీ మెస్ తలుపుకు అంటించాలి, అదీ ఆనవాయితీయే. అఖిల తనే అంటించింది. మధ్యాహ్నం వరుసలో ఉన్నవాళ్లు పళ్లాలు పట్టుకుని చదివారు. నిజంగానే చదివారు. ఇన్నాళ్లూ నవత చూడాలనుకున్నది అదే. తీరా చూస్తే ఆ కాగితం పీకేయాలనిపించింది.

వార్డెన్ ఉమారాణి వచ్చి చదివింది.

“ఏర్గట్ల అమ్మాయి ఎవరు?”

అఖిల పళ్లెం కింద పెట్టింది. “నేనే మేడం.”

“ఆఫీసుకు రా. మీ నాన్న నంబర్ ఇవ్వు.”

అఖిల నిలబడ్డ చోటులోకి వెనకవాళ్లు జరిగారు. వాళ్లమీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా నవతకు లేకపోయింది. జిగురు డబ్బా శివకుమార్ చేతిలో పెట్టి, అఖిల వెనకే ఆఫీసులోకి నడిచింది.

“నిన్నెవరు పిలిచారు?” అంది వార్డెన్.

“ఎవ్వరు పిలువలే మేడం. పత్రికల అచ్చు ఏసింది నేను. మాది ధర్పల్లి. మా బాపు నంబర్ గూడ రాసుకోండ్రి.”