కుర్చీలాయన

బడి వరండాలో మోకాళ్ల మీద కూర్చుని, ఎనిమిదో కుర్చీని తలకిందులు చేసి టార్చి వేసేసరికి ఆయన నడుము కలుక్కుమంది. అయినా చేతిలో పని వదిలి లేచే మనిషి కాడు. కుర్చీ అడుగున తెల్లరంగుతో వేసిన నంబరు చదివాడు. నాలుగు కాళ్లూ కదిపి చూశాడు. అట్టకి బిగించిన కాగితం మీద ‘బాగుంది’ అని రాసుకుని తొమ్మిదోదాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

సర్కారు బడుల్లో సామాన్లు తనిఖీ చేసే గుమాస్తా ఆయన. ముప్ఫైమూడేళ్లుగా కుర్చీలూ బల్లలూ బీరువాలూ తిప్పి చూడటమే ఉద్యోగం. అసలు పేరు ఏదో కాగితాల్లో ఉండే ఉంటుంది గానీ, జనం నోట మాత్రం కుర్చీలాయనే. సన్నటి మనిషి. చొక్కా జేబులో మూడు పెన్సిళ్లు, ప్యాంటు మోకాళ్ల దగ్గర ఎప్పుడూ దుమ్ము. మనుషులతో నాలుగు మాటలు మాట్లాడాలంటే నోరు పెగలదు. వస్తువు కనిపిస్తే మాత్రం, ఇది ఇక్కడే ఎందుకు అరిగింది, ఇలాగే ఎందుకు విరిగింది అని బుర్ర తొలిచేస్తుంది. బల్ల మీది సిరామరక చూసి అక్కడ కూర్చునే పిల్లది ఎడమచేతివాటమో కాదో చెప్పేస్తాడు. ఇవాళ సాయంత్రంతో ఆ ఉద్యోగం అయిపోతుంది. చివరిరోజు హాయిగా ఆఫీసులో కూర్చోమని పై అధికారి చెప్పినా వినకుండా, ఈ ఒక్క బడీ మిగిలిపోయిందని బయల్దేరాడు.

“ఇంకొక్క గది ఉందండీ,” అంది హెడ్మాస్టరమ్మ, మెట్ల కింది తలుపు చూపిస్తూ. “నా తలనొప్పంతా అందులోనే ఉంది.”

పిల్లలు మనసులో బాధ చెప్పుకోడానికని కిందటేడు నిధులిచ్చి పెట్టించిన గది అది. ఒక కౌన్సెలర్‌ని కూడా వేశారు. ఇప్పుడు విద్యాశాఖ నుంచి, అంటే కుర్చీలాయన పై అధికారి దగ్గర్నుంచే, ఉత్తరం వచ్చింది. ఎవరెవరు వచ్చారో పేర్లతో రిజిస్టరు చూపించాలి; లేకపోతే గది వాడకంలో లేనట్టే. వచ్చే ఏడాదికి నిధులుండవు, కౌన్సెలరూ ఉండదు, గదిలో మళ్లీ విరిగిన బెంచీలు పడేసుకోవాలి.

“రిజిస్టరు నిండా తారీఖులూ గీతలూ తప్ప ఒక్క పేరు లేదు. రాయమ్మా తల్లీ అని గడ్డం పట్టుకు బతిమాలాను. వింటేనా!”

లోపల కూర్చున్న కౌన్సెలర్ లేచి నిలబడింది. ముప్ఫై దాటని మనిషి. పిల్లలు ఆమెను కబుర్ల మేడం అంటారట. “ఎవరికీ చెప్పనని మాటిచ్చాను మేడం,” అంది నెమ్మదిగా. “పేరు రాశానని తెలిస్తే రేపట్నుంచి ఒక్కరూ రారు.”

“అసలు గదంటూ ఉంటే కదా రావడానికి!”

కుర్చీలాయన ఈ గొడవలో తలదూర్చలేదు. గదిలో ఉన్నవి రెండే కుర్చీలు. పది నెలల కిందట ఒకే దఫాలో వచ్చినవి. కబుర్ల మేడం కూర్చునే కుర్చీ చూసి ‘బాగుంది’ అని రాశాడు. రెండోది తిప్పి టార్చి వేసి, అలాగే ఉండిపోయాడు. కూర్చునే చెక్కకి ముందు అంచు అడుగున, కుడివైపూ ఎడమవైపూ వార్నిష్ లేచిపోయి పచ్చి చెక్క కనిపిస్తోంది. వేలితో తడిమాడు. సన్నటి గోళ్ల గీతలు, ఒకదాని మీద ఒకటి. తర్వాత నేల మీద టార్చి వేశాడు. కుర్చీ కాళ్లు ఈడ్చిన గుర్తులు బల్ల దగ్గర మొదలై వంకరగా కిటికీవైపు తిరిగాయి.

“దీన్ని కిటికీవైపు తిప్పుకుంటారా పిల్లలు?”

కబుర్ల మేడం ఉలిక్కిపడింది. “మీకెవరు చెప్పారు?”

“నేల మీద గీతలున్నాయి కదమ్మా.”

“మొదట్లో అందరూ అటే తిప్పుకుంటారండీ. నాకు వీపే కనిపిస్తుంది. మూడోసారికో నాలుగోసారికో వాళ్లే కొంచెం కొంచెంగా ఇటు జరుగుతారు.”

“మరి చేతులు?”

“కుర్చీని గట్టిగా పట్టుకుంటారు,” అందామె. “పడిపోతామేమో అన్నట్టు.”

ఆయన మోకాళ్ల మీదనుంచి లేవలేదు. ఆయన కూతురు పదమూడో ఏట, ఏడాది పొడుగునా ఉలకలేదు పలకలేదు. భార్య కంగారుపడితే, ఆ వయసే అంత, అదే సర్దుకుంటుందన్నాడు. భోజనాల బల్ల దగ్గర పిల్ల కూర్చునే కుర్చీకి సరిగ్గా ఇక్కడే, ఇలాగే అరిగింది. ఆయన కంట పడకుండా ఎలా ఉంటుంది? ఒక ఆదివారం పొద్దంతా కూర్చుని ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, రెండు పూతలు వార్నిష్ వేసి, కొత్తదానిలా చేసిపెట్టాడు. ఎందుకు అరిగిందో మాత్రం అడగలేదు. ఊళ్లో బళ్లన్నింటి కుర్చీల గురించీ ఆరా తీసినవాడు, తన ఇంట్లో కుర్చీ గురించి అడగలేదు. ఆ సంగతి ఇన్నేళ్లకు, ఈ మెట్ల కింద తెలిసొచ్చి, సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

హెడ్మాస్టరమ్మ పెన్ను అడిగి తీసుకుని, ఆ కుర్చీ నంబరు ఎదురుగా ‘వాడకం వల్ల అరిగింది’ అని రాశాడు. కింద సంతకం పెట్టాడు.

“ఏడాదిలోపు వాడకం వల్ల అరిగిన సామానుకి బదులు కొత్తది ఇచ్చి తీరాలమ్మా, రూలు,” అన్నాడు హెడ్మాస్టరమ్మతో. “కొత్త కుర్చీ ఇచ్చిన గదిని ఎవరూ వాడటం లేదనడానికి వాళ్లకి నోరు రాదు. నా సంతకం మీద ఎవరూ దిద్దకూడదు కూడాను.”

హెడ్మాస్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. “ఇంత చిన్న మాటతోనా?”

“చిన్నదో పెద్దదో, నిజం. ముప్ఫైమూడేళ్లలో నేను అబద్ధం రాయలేదు.”

“కొత్తది వస్తే దీన్ని పట్టుకుపోతారా?” అంది కబుర్ల మేడం, కుర్చీ మీద చెయ్యి వేసి.

“విరిగితేనే పట్టుకుపోతారు. ఇదింకా విరగలేదు లెండి. ఎవరైనా అడిగితే ఆ మాటే చెప్పండి.”

ఆఫీసులో పై అధికారి కాగితం చూసి బుర్ర గోక్కున్నాడు. “పోతూ పోతూ నా నెత్తిన పని పెట్టారు కదండీ,” అన్నాడు. అన్నాడు గానీ, రూలు పుస్తకం తెరిచి చూసుకుని, కుర్చీ మంజూరు చేసి, గది కొనసాగించవచ్చని రాసి ముద్ర కొట్టాడు. ఆఫీసువాళ్లంతా వీడ్కోలు టీ తాగి, చేతులు కలిపి, ఎవరి బల్లల దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు.

కుర్చీలాయన తన కుర్చీని కిటికీవైపు తిప్పుకుని, వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురికి ఫోన్ చేశాడు.

“అమ్మడూ, నీకు పదమూడేళ్లప్పుడు... ఏడాదిపాటు మాట్లాడలేదు గదా. ఎందుకమ్మా?”

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు.

“ఆదివారం వస్తాను నాన్నా,” అంది. “చెప్తాను. నువ్వు మాత్రం మధ్యలో లేచి ఏదీ బాగుచెయ్యడానికి వెళ్లకు.”

“వెళ్లనమ్మా,” అన్నాడాయన.

పెన్సిళ్లూ టార్చీ సంచిలో వేసుకుని, ఎవరినీ పిలవకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. కాసేపటికి ఆఫీసు ఊడ్చే ఆవిడ వచ్చి, ఆయన కుర్చీని ఎత్తి బల్ల మీద బోర్లించింది. ఆఫీసు సామాన్ల జాబితాలో ఆ కుర్చీ ఎదురుగా ఏటేటా ‘బాగుంది’ అనే ఉంటుంది. దాన్ని మాత్రం ఆయన ఎన్నడూ తిప్పి చూడలేదు. ముందు అంచు అడుగున, కుడివైపూ ఎడమవైపూ, నాలుగేసి వేళ్ల మేర వార్నిష్ లేదు.