ఆరక్షరాల మాట

బాలశౌరి చెయ్యి అక్షరాల అరలో ఇంగ్లీషు 'ఇ' గదిలోకి వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది. అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు. పొద్దున్న పదిన్నరకే అయిపోయాయి. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే ఇనుప స్టిక్‌ను అలాగే పట్టుకుని, ప్రూఫులు దిద్దే బల్ల వైపు తిరిగాడు.

"మాస్టారూ, ఐదక్షరాల మాటొకటి కావాలండీ. పెద్ద హాలు అని ఉందిక్కడ. ఇ లేకుండా చెప్పండి."

రామకోటేశ్వరరావు మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఈ ప్రశ్న ఆయనకు కొత్త కాదు. "లార్జ్ తీసేసి గ్రాండ్ పెట్టెయ్. లాడ్జివాళ్ల పెద్ద హాలు గొప్ప హాలైతే వాళ్లకే సంతోషం" అని, ఐదక్షరాలూ విడివిడిగా చెప్పాడు.

గవర్నర్‌పేట సందులో వెంకటప్పయ్య గారి ప్రెస్సుకు ఉన్న ఇంగ్లీషు అక్షరాలు ఒక్కటే సెట్టు, అదీ మద్రాసులో ఎవరో వాడి వదిలేసింది. అందులో ఏ అక్షరానికీ లేని కరువు 'ఇ'కి ఉంది. ఇంగ్లీషువాడికేమో అది లేకపోతే నోరే పెగలదు. సగం పేజీకే అయిపోయేవి. ఒక మాట తీసి దానికంటే పొడుగుదో పొట్టిదో పెడితే ఆ పేరా అంతా మళ్లీ పేర్చాలి. అందుకని అన్నే అక్షరాలున్న మాట, ఇ లేనిది, వెతుక్కోవాలి. ఇలా అడిగి తెలుసుకున్న మాటల్నీ, తరచూ పేర్చే మాటల్నీ బాలశౌరి ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. నాలుగక్షరాలవి ఒకచోట, ఐదక్షరాలవి ఒకచోట, ఆరక్షరాలవి ఇంకోచోట. పక్కన మాస్టారు చెప్పిన అర్థం తెలుగులో.

అతనికి ఇంగ్లీషు రాదు. మూడో తరగతితో బడి మానేసి ప్రెస్సులో చేరాడు. ముప్పైనాలుగేళ్లు నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. ఎడమ బొటనవేలు స్టిక్‌లోని అక్షరాలను అదిమి అదిమి చదునైపోయింది. మాటను అతను చదవడు, లెక్కపెడతాడు. ఎన్ని అక్షరాలు, ఏవేవి అని చూసుకుంటాడు. అవన్నీ ఉంటే మాట సరిపోయినట్టే. ఈమధ్య కుడికంట్లో శుక్లం ముదిరాక ఆ లెక్కే అతనికి దిక్కయింది.

ఈ సంగతి తెలియని మనిషి లోకంలో ఒక్కతే, అతని భార్య తెరేసమ్మ. "మా ఆయన రోజంతా ఇంగ్లీషులోనే పనిచేస్తారు" అని గుణదలలో వాడంతా చెప్పుకునేది. ఎవరింటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా తెచ్చి అతని ముందు పెట్టేది. అతను గంభీరంగా పైకీ కిందికీ చూసి, రేపు నిదానంగా చెబుతానని జేబులో పెట్టుకుని, మాస్టారి చేత చదివించుకుని వెళ్లేవాడు. నిజం చెప్పెయ్యాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. ఆమె ముఖం చూస్తే చెప్పబుద్ధి అయ్యేది కాదు. పిల్లలు లేని ఇంట్లో ఆమెకు గర్వపడడానికి అదొక్కటే ఉంది.

అతనికి నిజంగా తెలిసిన ముక్క ఒక్కటే ఆమెకు చెప్పేవాడు. ఇంగ్లీషులో ఆమె పేరుకు రెండు ఇ-లు కావాలి, అతని పేరుకు ఒక్కటీ అక్కర్లేదు. "నువ్వే అరుదైన మనిషివి" అనేవాడు. ఆమె మురిసిపోయేది.

పోయిన ఏడాది ఆమె పోతూ పోతూ అడిగింది.

"నా కార్డు ఇంగ్లీషులో వెయ్యండి. మీరే రాసి మీరే పేర్చండి. ఇంకొకళ్ల చెయ్యి పడకూడదు."

రేపు ఉదయం చర్చిలో ఆమె ఏడాది పూజ, అక్కడ పంచడానికే ఆ జ్ఞాపకార్థం కార్డు. రెండు రోజులుగా బాలశౌరి ఇ-లను ఒక్కొక్కటే తీసి అగ్గిపెట్టెలో దాచాడు. పొద్దున్నే గది ఖాళీ కావడానికి కారణం అదే. వెంకటప్పయ్య గారికి తెలుసు, ఏమీ అనలేదు. పైగా మంచి దళసరి కార్డు తీసుకోమన్నాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచారు. బాలశౌరి క్యారేజీ విప్పలేదు. నోటుపుస్తకంలో ఆరక్షరాల పేజీ ఒకసారి తిప్పి చూసుకుని, నిలబడే కార్డు పేర్చాడు. ముందు ఆమె పేరు, తర్వాత తేదీలు, కింద దేవునిలో ఐక్యమైంది అనే మాట. ఆ మాట యునైటెడ్. పెళ్లికార్డుల మీద ఎన్నోసార్లు పేర్చిందే. పేర్చాక గోటితో లెక్కపెట్టుకున్నాడు. ఆరు. యు ఉంది, ఎన్ ఉంది, ఐ, టి, ఇ, డి అన్నీ ఉన్నాయి. మాస్టారు ప్రూఫు చూడనా అని అడిగితే ఇదొక్కటీ తనే చూసుకుంటానన్నాడు.

ట్రెడిల్ మిషను తొక్కే అంతోని వంద కార్డులు కొట్టిచ్చాడు. నాలుగింటికి బాలశౌరి వాటిని దారంతో కట్టి, ఒకటి మాత్రం విడిగా తీసి మాస్టారికిచ్చాడు. దిద్దడానికి కాదు, ఉంచుకోడానికి.

మాస్టారి చూపు మూడో వరసలో ఆగిపోయింది. ఐ, టి చోట్లు మారాయి. సన్నటి అక్షరాలు, శుక్లం పట్టిన కంటికి రెండూ ఒకటే. యునైటెడ్ కాస్తా అన్‌టైడ్ అయింది. దేవునిలో ఐక్యమైంది అనవలసిన చోట దేవుడితో ముడి విప్పుకుంది అని పడింది.

"ఎలా ఉందండీ?" అన్నాడు బాలశౌరి.

ముప్పయ్యేళ్లు పిల్లల తప్పుల కింద ఎర్రగీతలు గీసిన మనిషికి ఆ క్షణాన చెయ్యి రాలేదు.

"అక్షరాలన్నీ ఉన్నాయి బాలశౌరీ. ఒక్కటీ తగ్గలేదు."

"మా ఆవిడకి ముప్పయ్యేళ్లూ అబద్ధమే చెప్పానండీ. ఇవాళ్టికి నిజమైంది."

అతను వెళ్లి స్టూలు మీద కూచుని, అక్షరాల అరలకు తల ఆనించాడు. పూజ వేళకు కార్డులు ఎలాగైనా మార్చేద్దామని మాస్టారు అంతోనిని పక్కకు పిలిచి మాట్లాడుతున్నాడు. బాలశౌరి నిద్రపోతున్నాడనే అనుకున్నారు ఇద్దరూ. టీ తెచ్చి లేపబోతే తెలిసింది.

పొద్దుగూకే లోపల అతని తమ్ముడొచ్చి రిక్షాలో గుణదలకు తీసుకెళ్లాడు. భార్య ఏడాది పూజా, భర్త సమాధీ ఒక్కరోజే అయ్యాయి.

అతను పోయిన ఆ రాత్రే మాస్టారు కట్ట దారం విప్పి, తనకిచ్చినదీ కలిపి ఆ వంద కార్డులూ తన సంచిలో పెట్టుకున్నాడు. అరలో బాలశౌరి నోటుపుస్తకం కనిపిస్తే ఆరక్షరాల పేజీ తీశాడు. యునైటెడ్ అక్కడ ఉంది. ఐ ముందు, టి తర్వాత, ఒక్క తప్పు లేదు. పక్కన అర్థం రాయాల్సిన చోట 'తెరేసమ్మ, నేను' అని ఉంది. మాస్టారికి ఏడుపు ఆగలేదు.

కార్డు అక్షరాలు బల్ల మీద ఇంకా బిగించే ఉన్నాయి. ఆయన జన్మలో మొదటిసారి సీసపు అక్షరాలు ముట్టుకున్నాడు. పట్టకారుతో ఐ-నీ టి-నీ చోట్లు మార్చాడు. అంతోని ఆమె పేరు కింద ఇంకో పేరు పేర్చడానికి స్టిక్ తీసుకున్నాడు. ఇ-లు కావాలేమోనని మాస్టారు అగ్గిపెట్టె తెరిచి పట్టుకున్నాడు. ఆ పేరుకు ఒక్కటీ అక్కర్లేకపోయింది. మిగిలిన మూడు ఇ-లూ అగ్గిపెట్టెలోనే ఉండిపోయాయి.