పైపు మీద చెయ్యి

పటాన్‌చెరులో హైవే పక్కన మెకానిక్ షెడ్డు నడిపేవాడికి జాగాయే ప్రాణం. అలాంటిది మా షెడ్డులో సగం జాగాను ఒక చచ్చిన కారు ఏళ్లుగా ఆక్రమించుకుని ఉంది. టార్పాలిన్ కప్పుకుని దర్జాగా పడుకునేది. గిరాకీల కార్లను నేను ఎండలో నిలబెట్టి బాగుచేస్తుంటే, అది మాత్రం రేకుల నీడన ఉండేది. దాని బంపరు మోకాలికి కొట్టుకున్నప్పుడల్లా నోటికొచ్చినట్టు తిట్టేవాడిని. పక్కనే కూర్చున్న మా నాయనకు నా తిట్లు వినపడవు. ఆయనకు ఏదీ వినపడదు.

మా నాయన సంగయ్య ఇక్కడి ఒక ఫ్యాక్టరీలో, ఎర్రగా కాలిన ఇనుమును యంత్రం సుత్తి కింద పెట్టే పని చేశాడు. ఆ సుత్తి పడితే పక్క వీధి కిటికీలు కూడా అదిరేవి. బతుకంతా దాని పక్కన నిలబడితే చెవులు మిగలవు, మిగల్లేదు కూడా. ఆ సుత్తిని బిగించడానికి జర్మనీ నుంచి వచ్చి, కొన్నేళ్లు ఇక్కడే ఉన్న ఇంజనీరు వాడిన కారు ఇది. అప్పటికే అది పాతబండి. పొద్దున్నే దాన్ని కడిగి, స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కేదాకా ఉంచడం నాయన పని. చెవులు మందగించడం మొదలైంది కాబట్టి, ఇంజను అందుకుందో లేదో తెలుసుకోవడానికి మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించేవాడట. ఇంజనీరు వెళ్లిపోయాడు, కారు ఉండిపోయింది. ఫ్యాక్టరీ మూతబడిన రోజున కావాలంటే తీసుకుపొమ్మన్నారు. నాయన దాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి నా షెడ్డులో పెట్టాడు. నన్ను ఒక్క మాట అడిగితే ఒట్టు.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. షెడ్డు ముందు భాగం పోతోంది. మిగిలే జాగాలో ఆ కారైనా ఉండాలి, నా పనైనా ఉండాలి. పాత ఇనుప సామాను కొనే ఐలన్నతో మాట్లాడాను. "ఆదివారం లారీ తెస్తా కుమార్" అన్నాడు. ఈ సంగతి నాయనకు చెప్పడమే కష్టమైంది. చెవిటివాడికి ఏదీ మెల్లగా, నచ్చజెప్పినట్టుగా చెప్పలేం. ఎంత బాధ పెట్టే మాటైనా వీధంతా వినేలా అరవాల్సిందే. అరిచాను. ఆయన నా పెదవులు చూసి సంగతి పట్టుకుని, లేచి కారు మీది టార్పాలిన్ అంచు సర్దాడు.

"నువ్వన్నది నిజమే బిడ్డా, తీస్కపోనియ్. గని పోయేముందు ఒక్కపారి నడిపియ్యి. నా చేతికి తెల్వాలె. గంతే, ఇంకేమడగ" అన్నాడు చివరికి.

నాకు కోపం వచ్చింది. కాదనడానికి వీలులేని మాట అడిగితే రాదా మరి? ఊళ్లో అందరి బండ్లూ నడిపించేవాణ్ని, కన్నతండ్రికి కుదరదని ఎలా చెప్పను? పైగా ఆయన నన్ను ఇంతవరకు ఏదీ అడిగిన మనిషి కాదు. నా భార్య అరుణ కూడా ఆయన పక్షమే. సుల్తాన్‌పూర్‌లో సెలైన్ గొట్టాలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది తను. "ఆదివారం నాకు సెలవే, నేనూ ఒక చెయ్యి వేస్తా, మామ కోరిక తీర్చు" అంది.

బానెట్ ఎత్తి చూస్తే కార్బొరేటర్ లేదు. నాకు తెలిసి అంత పాత కారుకు కార్బొరేటర్ ఉండాలి. దాని బదులు ఒక్కో సిలిండరు దగ్గర వేలెడంత ఇంజెక్టరు ఉంది. వాటి వైర్లు పట్టుకుని వెనక్కి పోతూ ఉంటే సీటు కింద ఒక రేకు పెట్టె కనిపించింది. మూత విప్పాను. లోపల, నేను పుట్టకముందు ఎవరో ఒక్కొక్కటిగా అతికించిన చిన్న చిన్న ముక్కలు, రంగుల గీతలతో, వరసలు తప్పకుండా ఉన్నాయి. దుమ్ము కూడా చేరలేదు. ఇంజను ఎంత గాలి పీలుస్తోంది, ఎంత వేడెక్కింది, ఇప్పుడు దానికి ఎంత పెట్రోలు కావాలి, ఇవన్నీ లెక్కగట్టే పెట్టె అది. మా ఊరికి టీవీ రాకముందే ఎక్కడో కూర్చుని ఇదంతా ఆలోచించిన మనుషులున్నారు. ఏ నట్టు పట్టుకోవాలన్నా ముందు చెయ్యి తుడుచుకోవడం ఆ రోజే మొదలుపెట్టాను.

టాంకీలో పెట్రోలు ఎండి జిగురైపోయింది. దాన్ని విప్పి కడిగాను. ఇంజెక్టర్లు శుభ్రం చేశాను. ఈ కారులో పెట్రోలు గట్టి ఒత్తిడితో పారుతుంది, పాత రబ్బరు గొట్టం పగిలిందంటే మంటలే. అందుకని గొట్టాలన్నీ మార్చాను. మిగిలింది పంపు. అది లోపల రాయిలా బిగుసుకుపోయింది. అలాంటిది దేశంలో ఎక్కడా దొరకదన్నారు. చివరికి ఇప్పటి కార్ల రకం ఇంజెక్షన్ పంపు ఒకటి దొరికింది, గొట్టానికి మధ్యలో బిగించేది. పాత పంపుకు మూడు నోళ్లు, దీనికి రెండే. ఆ మూడో నోటి నుంచి మిగులు పెట్రోలు టాంకీకి తిరిగిపోయే గొట్టం ఉంటుంది. దాని అవసరం ఇక లేదు కాబట్టి మూతి బిగించేశాను. అంతవరకూ తెలివిగానే చేశాను.

పంపును ఎక్కడ బిగించాలన్న దగ్గర మాత్రం నా తెలివి నన్ను ముంచింది. పాతది వెనక టాంకీ కింద, బురద కొట్టే చోట ఉండేది. నేను పని నేర్చుకున్న పాతకాలం కార్లన్నిటికీ పంపు ముందు, ఇంజను పక్కనే ఉండేది. చెయ్యి అందేలా, ఎండకు ఎండకుండా వానకు తడవకుండా ముందే పెట్టాను. బిగించాక నాకే ముచ్చటేసింది.

ఆదివారం పొద్దున ఐలన్న లారీ వేసుకుని వచ్చేశాడు. కారు లాగడానికి తాడు భుజాన వేసుకునే దిగాడు. కాసేపు ఆగమని, ఊరికే నిలబడే బదులు ఇంజను పక్కన తగిలించిన, పెట్రోలు ఒత్తిడి చూపించే మీటరు దగ్గర నిలబడి ముల్లు ఎక్కడుందో చెప్పమన్నాను. పెద్దాయన కోరిక సంగతి వినే ఉన్నాడు, తాడు భుజాన ఉండగానే వెళ్లి నిలబడ్డాడు. అరుణ ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. నాయన కారు వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుని, టాంకీ నుంచి ముందుకు పోయే పైపును గుప్పిట్లో పట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

అరుణ తాళం తిప్పింది. పంపు ఒక్క క్షణం మోగి ఆగిపోయింది. వైరు లూజు ఉందనుకుని తిట్టుకుంటూ అన్నీ గుంజి చూశాను. ఏదీ లూజు లేదు. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. అప్పుడు నాకు తట్టింది. అది చెడిపోవడం కాదు, ఆ పెట్టే ఆపుతోంది. ఇంజను తిరిగితేనే పంపు తిరగాలి. ఎక్కడైనా గుద్దుకుని ఇంజను ఆగిపోతే పెట్రోలు కూడా ఆగిపోవాలి, లోపల మనుషులుంటారు కదా. ఇన్నేళ్లు చీకట్లో పడివుండి, కరెంటు తగిలీ తగలకముందే ఆ పెట్టె చేసిన మొదటి పని మా అరుణను కాపాడటం. ఇంతకాలం మోకాలికి తగిలినప్పుడల్లా తిట్టింది దీన్నా అనుకున్నాను.

కానీ బండి అందుకోలేదు. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ పంపు కీచుమని ఏడ్చిందే తప్ప పెట్రోలు రాలేదు. ముల్లు లేస్తలేదని ఐలన్న చెబుతూనే ఉన్నాడు. బ్యాటరీ నీరసపడింది. వేరే బ్యాటరీ తెచ్చి కలిపాను. అదే ఏడుపు. పానా నేలకేసి కొట్టాను. ఐలన్న మంచి మనిషి, నా మొహం చూడకుండా, చాయ్ తాగొస్తానని రోడ్డు మీదికి పోయాడు. ఆయన తిరిగొచ్చి తాడు కడితే అంతే సంగతులు. నాయన అడిగిన ఒక్కటీ ఇక ఎప్పటికీ ఇవ్వలేను.

ఆ మాట ఆయనతో ఎలా అనాలో తెలియక వెనక్కి వెళ్లాను. నాయన కదల్లేదు. పైపును అలాగే పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నేను ఎక్కడో చూశాను.

కొండాపూర్ మండలంలోని మా చెలక పొలంలో బావి ఉండేది. ఒక ఎండాకాలం నీళ్లు అడుక్కి పోయాయి. గట్టు మీద మోటరు ఎంత తిరిగినా కీచుమని ఏడ్వడమే, చుక్క రాలేదు. మోటరు చెడిపోయిందని అందరూ అన్నారు. నాయన వినలేదు. తాళ్లు కట్టించి, నలుగురి చేత మోటరును బావి లోపలికి, నీళ్ల పక్కనున్న బండరాయి మీదికి దింపించాడు. పైన పైపును పట్టుకుని ఇలాగే కళ్లు మూసుకుని గొంతుక్కూర్చున్నాడు. మాకెవరికీ ఏమీ కనిపించకముందే, వస్తున్నయి అన్నాడు. అప్పటికి ఆయనకు కొంచెం వినపడేది. పైపు రెండుసార్లు గాలి కక్కి, దగ్గి, ఆ తర్వాత నిండుగా నీళ్లు పోసింది. మా అమ్మ మొగులమ్మ ఆ నీళ్లకు దండం పెట్టింది.

మోటరు ఏడ్చేది నీళ్లు అందకనే. ముందుకు నెట్టమంటే ఎంతైనా నెట్టగలదు, దూరం నుంచి గుంజుకోవడం దానివల్ల కాదు. నేను నేర్చుకున్న కార్ల పంపులు గుంజుకునే రకం. ఇది నెట్టే రకం. జర్మనీవాళ్లు దాన్ని టాంకీ కింద ఊరికే పెట్టలేదు.

ఐలన్న తిరిగొచ్చేసరికి నేను కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. పంపును వెనక్కి తెచ్చి, టాంకీకి కిందగా బిగించాను. గొట్టంలోని గాలి పోయేదాకా పెట్రోలు తనంతట తానే దిగి కారనిచ్చాను. "సెలైన్ ఎక్కించేముందు ఇట్లనే గాలి తీయమని మా గొట్టాల కవరు మీద గూడ రాస్తం" అని అరుణ అంది. కారిందంతా ఇసుక చల్లి ఊడ్చేశాం. నాయన వంగి కారు కిందికి తొంగి చూశాడు. పంపు చోటు మారింది చూసి, నా భుజం మీద ఒక్కసారి తట్టి, తన పైపు దగ్గరికి పోయి కూర్చున్నాడు. నేను పక్కనే నిలబడ్డాను.

అరుణ తాళం తిప్పింది. ఈసారి కీచు లేదు. మెత్తగా ఒక్క క్షణం మోగి ఆగింది.

"వచ్చింది" అన్నాడు నాయన.

ఆ తర్వాత ముందు నుంచి ఐలన్న గొంతు వినిపించింది. "ముల్లు లేసింది కుమార్" అన్నాడు, ఎందుకో గొంతు తగ్గించి.

సెల్ఫ్ కొట్టమని అరుణకు సైగ చేశాను. ఇంజను తిరిగింది. ఒకసారి దగ్గింది. వెనక పొగగొట్టంలోంచి నల్లటి పొగ, ఎక్కడో గూడు కట్టుకున్న చెత్త, అన్నీ కక్కింది. మళ్లీ దగ్గింది. ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. అందుకుంది. తడబడుతూ, తడబడుతూ, ఉన్నట్టుండి కుదుటపడింది. ఆ రేకు పెట్టె దాని లెక్క అది మొదలుపెట్టింది. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి, మా షెడ్డులో మాత్రం అందరి కళ్లూ ఆ కారు మీదే. ఎన్నో ఇంజన్లు లేపిన చెయ్యి నాది. అయినా నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఐలన్న ఎప్పుడు విప్పాడో గానీ, గుడి ముందులా చెప్పులు పక్కన పెట్టి నిలబడ్డాడు.

నాయన లేచి, కారు పొడవునా చెయ్యి రాస్తూ ముందుకు నడిచాడు. మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించాడు. ఆయన మొహంలో ఏం చూశానో చెప్పడం నావల్ల కాదు. సుత్తి కింద పోయిన చెవులు, మూతబడిన ఫ్యాక్టరీ, అవేవీ లేని మొహం అది.

"సప్పుడు ఎట్లున్నదిరా?" అని అడిగాడు.

వెటకారాలకు ఎప్పుడూ కరువు లేని నోరు నాది. ఈసారి వెటకారం పక్కనపెట్టి ఆయన చెవి దగ్గరికి వంగాను. ఎప్పుడూ విసుగుతో అరిచే చోటే ఆ మాట చెప్పాను.

"నాయినా, మోటరు బాయిలకు దించిననాడు నీళ్లు వచ్చిన సప్పుడు యాదికున్నదా? గట్లనే ఉన్నది."

ఆయనకు వినపడిందో, పెదవులు చూశాడో తెలియదు. తల ఊపాడు. చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. చాలాసేపు అలాగే నిలబడి, మెల్లగా చెయ్యి తీసేశాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

"సాలు బిడ్డా. ఇగ బందు జెయ్యమను. ఐలన్న పొద్దటి సంది నిలవడ్డడు."

అరుణ తాళం మీద చెయ్యి పెట్టి నా వైపు చూసింది. వద్దని తల అడ్డంగా ఊపాను; నడిచే కారును ఇంటి ముందైనా పెట్టుకోవచ్చు. ఐలన్న భుజాన ఉన్న తాడు తీసి లారీలోకి విసిరేశాడు. షెడ్డుకు అడ్డంగా ఉన్న ఆ లారీని, కారు బయటికి పోయేంత జాగా వచ్చేలా పక్కకు తీశాడు.

నేను నాయన చెయ్యి పట్టుకుని మళ్లీ మడ్‌గార్డు మీద పెట్టాను.