బయటి పొయ్యి

ఓట్స్ ఉడకడానికి ఐదు నిమిషాలు చాలని ప్యాకెట్టు మీద రాసి ఉంది. రాసినవాడెవడో ఈ ఇంట్లో ఎప్పుడూ వండలేదు.

స్రవంతి ఏడాదిగా వండుతోంది. నాలుగేళ్ళ కూతురు చైతన్య బరువు తక్కువుందనీ, పొద్దున్నే కడుపులోకి మెత్తటిదేదైనా వెళ్ళాలనీ డాక్టరమ్మ చెప్పింది. పిల్లకు ఓట్స్ ఇష్టమే, మాడనప్పుడు. నీళ్ళు పొంగు రాగానే ఓట్స్ వేసి, మంట తగ్గించి, గరిటె ఆపకుండా తిప్పాలి. చివర్లో పాలు పోయాలి. మధ్యలో వదిలితే అడుగంటుతుంది. అంటే ఆ ఐదు నిమిషాలూ ఆమెను ఎవరూ పిలవకూడదు.

ఆ ఇంట్లో పిలవని నిమిషం లేదు. ఒక పొయ్యి మీద మామయ్య లక్ష్మీనారాయణ చాయ్, అది దిగితే అత్తమ్మ శకుంతలకు జొన్నరొట్టె, అది దిగితే భర్త మల్లికార్జున్‌కు ఉప్మా, ఆ పైన అతను కరెంటు సామాన్ల షాపుకు తీసుకుపోయే డబ్బాలోకి కూర. రెండో పొయ్యి మీద ఓట్స్. "స్రవంతీ, చాయ్‌ల అల్లం ఏసినవా?" అని హాలులోంచి ఒకరు. "నా ఫోన్ చార్జర్ ఏడ వెట్టినవే?" అని గదిలోంచి ఒకరు. వెళ్ళి వచ్చేసరికి గిన్నెలోంచి మాడు వాసన. "దవాఖాన గంజి వండుడు గూడ రాకపోతె ఎట్లనమ్మా" అని అత్తమ్మ. పిల్ల మూతి తిప్పుకునేది. ఆ మాడుగిన్నెను గీకి, నిలబడే తన నోట్లో వేసుకుని, స్రవంతి బస్సుకు పరుగెత్తేది. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. పెళ్ళికి ముందు నుంచీ ఉన్నది అదొక్కటే. "ఈ నెల్ల ఇంకొక్కసారి లేటయితే వేరేటోళ్ళను చూసుకుంటం మేడం" అని మేనేజర్ ఓంప్రకాశ్ మొన్ననే చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెబితే మల్లికార్జున్ ఫోన్ లోంచి తలెత్తలేదు. "మానెయ్యి. ఫికర్ పోతది" అన్నాడు.

సోమవారం ఆమె దూరమైంది. ఆ ఇంట్లో నెలసరి మూడు రోజులూ వంటింటి గడప తొక్కకూడదు. వెనక వరండా పక్క చిన్నగది, వేరే కంచం, వేరే గ్లాసు. పెళ్ళయిన కొత్తలో ఆ గదిలో సిగ్గుతో ఏడ్చింది. ఇప్పుడు ఏడవడానికి ఓపిక లేదు.

కిందటి నెల ఆ మూడు రోజులూ ఓట్స్ వండే పని మల్లికార్జున్ మీద పడింది. "నీళ్ళెన్ని?" అని ఒక కేక. "గరిటేది?" అని ఒక కేక. ఫోన్ చూస్తూ గిన్నెను బొగ్గు చేశాడు. శకుంతల గుండె తరుక్కుపోయింది, పిల్ల పస్తున్నందుకు కాదు. "మగపిల్లగాడు పొద్దుపొద్దున పొయ్యి కాడ నిలవడుడేందమ్మా" అంది. ఆ మగపిల్లవాడికి ముప్పై ఎనిమిదేళ్ళు.

అందుకని ఈసారి శకుంతలే ఉపాయం చేసింది. షాపులో అమ్ముడుపోని కరెంటు పొయ్యి ఒకటి తెప్పించి వరండాలో పెట్టించింది. "చిన్నపిల్లలకు అంటుముట్టు ఉండది. దాని తిండి నువ్వు ఈడనే వండు. లోపటికి మాత్రం రాకు" అంది. పాలగ్లాసు గడప మీద పెట్టి వెనక్కి జరిగింది. ఆచారం తప్పలేదు, కొడుకు చెయ్యి కాలలేదు.

స్రవంతి నేల మీద కూర్చుని నీళ్ళు పెట్టింది. పొంగు వచ్చింది. ఓట్స్ వేసి తిప్పుతూ ఉంది. ఎవరూ పిలవలేదు. పిలిస్తే మాత్రం ఏం లాభం, వంటింట్లోకి రాలేని మనిషితో ఏం పని? చైతన్య గిన్నె ఖాళీ చేసి, స్పూన్ నాకి, "అమ్మా, ఇయ్యాల నల్లయి లేవు" అంది. మిగిలింది తన కంచంలో వేసుకుని స్రవంతి కూర్చుని తిన్నది. వేడిగా ఉంది. పొద్దున పూట వేడిది తిని ఎన్నేళ్ళయిందో లెక్క తేలలేదు. ఆ రోజు ఆసుపత్రికి పది నిమిషాలు ముందే చేరింది. "ఏంది మేడం, మీ ఇంట్ల గడియారం మార్చిండ్రా?" అన్నాడు ఓంప్రకాశ్.

లోపల మొదటి రోజు శకుంతల మోకాళ్ళు పట్టుకుని వండింది. రెండో రోజు మల్లికార్జున్ ఇడ్లీలు, కర్రీ పాయింట్ నుంచి కూరలు తెచ్చాడు. మామయ్య చాయ్ తనే పెట్టుకున్నాడు, రెండుసార్లు. ఎవరూ చావలేదు.

నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి రావాలి. బుధవారం సాయంత్రానికే స్రవంతికి రక్తస్రావం ఆగిపోయింది. గురువారం పొద్దున షాంపూ ప్యాకెట్టు చేతిలో పట్టుకుని స్రవంతి గది బయటికి వచ్చింది. తెరిచిన తలుపులోంచి వంటిల్లు కనిపిస్తోంది. మూడు రోజుల గిన్నెలు సింకు నిండి, గట్టు మీదికి ఎక్కి, ఆమె కోసం ఎదురుచూస్తున్నాయి. "ఇయ్యాల కోడలి చేతి చాయ్ తాగుత" అంటున్నాడు లోపల మామయ్య.

శకుంతల గడప అవతల నిలబడింది. "తలకు పోసుకో పో. నువ్వు లేకుంటె ఇల్లు ఇల్లు లెక్కనే లేదు. ముందుగాల గా గిన్నెలు తోము, మామయ్యకు చాయ్ వెట్టు, రొట్టెల పిండి తడుపు. పిల్ల గంజి మెల్లగ చూడొచ్చు."

స్రవంతి ఆ గిన్నెలను చూసింది. వరండాలో పొయ్యి ముందు స్పూన్ పట్టుకుని కూర్చున్న కూతుర్ని చూసింది.

"ఇంక ఆగలేదత్తమ్మా."

"నాల్గోరోజుకు ఆగకపోవుడేంది? నీకెన్నడన్న గిట్లయిందా?"

"ఇప్పుడయితాంది."

నాలుక తడబడుతుందేమోనని భయపడింది. తడబడలేదు. శకుంతల చూపు ఆమె చేతిలోని షాంపూ ప్యాకెట్టు మీద పడి, అక్కడే ఆగింది. ఒక అడుగు ముందుకు వేయబోయి గడప దగ్గరే నిలిచిపోయింది. ముట్టుకోకూడదన్న ఆచారం ఆమెదే.

స్రవంతి ప్యాకెట్టును కిటికీ మీద పెట్టి, పొయ్యి ముందు కూర్చుంది. ఇద్దరికి సరిపడా నీళ్ళు పోసింది. పొంగు వచ్చేదాకా శకుంతల కదల్లేదు.

"దవాఖానల పనిచేస్తవు గదా," అంది చివరికి. "ఇట్ల ఎన్ని దినాలుంటదట?"

"చెప్పలేమన్నరత్తమ్మా," అంది స్రవంతి, గరిటె ఆపకుండా.