రెండు పచ్చదీపాలు నిలిచేదాకా

మొదటి పచ్చదీపం నిలిచింది. రెండోది ఇంకా మిణుకుమిణుకుమంటోంది. వైర్లక్క చేతిసంచి భుజం మీంచి దించకుండానే, తలుపుకి చేరగిలబడి దాని వంకే చూస్తోంది. ఒకప్పుడు ఈ గదిలో ఆస్పత్రి దుప్పట్లు మడతలు పెట్టి ఉంచేవారు. ఇప్పుడు గోడవారగా నడుమెత్తు నల్లటి యంత్రం ఒకటి గుర్రుమంటూ ఉంది. ఈ ఎముకల ఆస్పత్రికి వచ్చినవాళ్ళ విరిగిన చేతులూ అరిగిన మోకాళ్ళూ అన్నీ బొమ్మలై అందులోనే ఉన్నాయి. అందరూ దాన్ని పెద్దపెట్టె అంటారు. కిందా పైనా ఉన్న ముప్పై ఎనిమిది కంప్యూటర్లలో ఏ డాక్టరు ఎక్కడ కూర్చుని ‘బొమ్మలు’ అన్న ఫోల్డరు నొక్కినా, తెరుచుకోవాల్సింది ఈ పెట్టె తలుపే.

రెండో దీపమూ నిలిచింది. అప్పుడు గోడ మీది చిన్నపెట్టె మీట నొక్కింది. గదులన్నిటికీ వైర్లు పాకేది అక్కణ్ణుంచే. ఇంకో నిమిషం ఆగింది. ఆ తర్వాతే కంప్యూటర్లు, అవీ ఒక్కొక్కటే.

వరస తప్పిందా, అంతే సంగతులు. పెద్దపెట్టె లేవకముందే కంప్యూటరు లేస్తే దానికి దారి దొరకదు. ఫోల్డరు మీద ఎర్ర ఇంటూ గుర్తు పడుతుంది, ఆపి మళ్ళీ వరసలో లేపేదాకా పోదు. కరెంటు మిగులుతుందని సాయంత్రమయ్యేసరికి అన్నీ ఆపేయమని హుకుం వేసిన మేనేజరుకి, పొద్దున్నే వాటిని లేపడానికి ఒక మనిషి కావాలన్న సంగతి ఏనాడూ తట్టలేదు. ఎందుకు తడుతుంది? ఆయన వచ్చేది తొమ్మిదింటికి. అప్పటికి అన్నీ వెలుగుతూనే ఉంటాయి. వైర్లక్క వచ్చేది ఆరున్నరకి.

వైర్ల సంగతి చూసేది ఆవిడే కాబట్టి అందరికీ వైర్లక్క. ఆవిడకి యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి. కళ్ళద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు ఎడమ మోకాలు కలుక్కుమంటుంది. ఎముకల ఆస్పత్రిలో ఇరవై నాలుగేళ్ళు పనిచేసి, ఆ మోకాలు ఒక్క డాక్టరుకైనా చూపించుకోలేదు. చేరింది టైపిస్టుగా, అదీ తాత్కాలికంగా. పెద్దపెట్టెను బిగించడానికి వచ్చినాయన ఒక పూట గబగబా చెప్పి వెళ్ళిపోతే, అందరూ తలలూపారు. రాసుకున్నది ఈవిడొక్కతే. రాసుకున్న పాపానికి ఆ పని ఆవిడ మెడకి చుట్టుకుంది. కాగితాల మీద మాత్రం ఇప్పటికీ టైపిస్టే, ఇప్పటికీ తాత్కాలికమే.

గదిగదికీ వెళ్ళి కంప్యూటరు వేయడం, ఫోల్డరు తెరవడం, అందులో ఒకే ఒక్క బొమ్మ చూడడం. అది ఆవిడ ఎడమచెయ్యి. పెద్దపెట్టె వచ్చిన రోజున పరీక్ష కోసం తీసిన ఎక్స్‌రే. ఐదు వేళ్ళూ తెల్లగా తెర మీద కనిపిస్తే ఆ గది కులాసా. కనిపించకపోతే సంచిలోంచి నీలం అట్ట నోటుబుక్కు తీస్తుంది. ‘పదకొండో గది: వెనక వైరు కుడికి వంచితేనే పలుకుతుంది.’ ‘పంతొమ్మిది: రెండుసార్లు లేపాలి. మొదటిసారి అబద్ధమాడుతుంది.’

ఇరవయ్యో గది దగ్గర కాంటీన్ బాబాయ్ ఎదురొచ్చాడు. కుడికాలు పక్కకి తిప్పి, ఈడ్చి వేస్తాడు. చేతిలో పళ్ళెం మాత్రం తొణకదు.

“లేచారా నీ పిల్లలంతా?”

“పంతొమ్మిదిగాడు మొరాయించాడు బాబాయ్. రెండు తగిలిస్తే లేచాడు.”

“నన్నూ అలాగే లేపేది మా ఆవిడ,” అని నవ్వి టీ ఇచ్చాడు.

ఆ కాలు వంక చూడకుండా టీ తాగడం తొమ్మిదేళ్ళుగా ఆవిడ వల్ల కావడం లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడ జ్వరంతో మూడు రోజులు రాలేదు. ఎవరికి వాళ్ళు కంప్యూటర్లు వేసేసుకున్నారు. అన్నిటి మీదా ఎర్ర ఇంటూలు. బాబాయ్ మెట్ల మీద జారిపడింది ఆ మూడో రోజునే. ఎక్స్‌రే తీసినాయన ఫోల్డరు తెరుచుకోక, “ప్రస్తుతానికి” అంటూ బొమ్మని తన కంప్యూటర్లోనే దాచుకుని మర్చిపోయాడు. మర్నాడు ఆవిడ వచ్చి అన్నీ లేపాక పైన డాక్టరు బాబాయ్ పేరు వెతికితే, ముందేడాది కాలు బెణికినప్పుడు తీసిన పాత బొమ్మ వచ్చింది. ఎముక శుభ్రంగా ఉంది. పూతమందు రాసిచ్చి పంపారు. విరిగిన ఎముక మీద పదిహేను రోజులు టీలు మోశాడు. అది వంకరగా అతుక్కుంది. తప్పెవరిదంటే కంప్యూటరుదన్నారు. దానికి నోరు లేదుగా!

ఆ తర్వాత ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు వైర్లక్క.

పదిన్నరకి మేనేజరు పిలిచాడు. ఆయన బల్ల మీద ఫిర్యాదుల పుస్తకం తెరిచి ఉంది.

“ఏమ్మా, ఇది చూశావా? పదకొండు నెలలుగా బొమ్మల ఫోల్డరు మీద ఒక్క ఫిర్యాదూ లేదు.”

మెచ్చుకుంటున్నాడనుకుంది పిచ్చితల్లి. “అవును సార్,” అంది.

“అందుకే పైవాళ్ళు అడుగుతున్నారు, ఫిర్యాదే లేనప్పుడు మనిషెందుకని. పైగా నువ్వు టైపిస్టువి. ఇక్కడ టైపు మిషనేదీ? ఏదన్నా చెడితే చూడ్డానికి బయట కంపెనీతో మాట్లాడుకున్నాం. ఇవాళ్టితో నీ పని అయిపోయింది.”

“ఫిర్యాదు రాకుండా చూడ్డమే సార్ నా పని.”

“రావడం లేదనేగా నేనూ అంటున్నది!”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని సామెత. వీళ్ళు నడి ఏట్లో ఉండగానే తగలేశారు, పైగా చలి కాచుకున్నారు! ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

“రేపు పొద్దున పెద్దపెట్టెని ఎవరు లేపుతారు సార్?”

“మీట నొక్కడానికి మనిషి కావాలా? నేను నొక్కలేనా?”

నీలం నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. “వరసంతా ఇందులో ఉంది. మొదటి పేజీ ఒక్కటి చదవండి సార్. చాలు.”

“పెట్టి వెళ్ళు, చూస్తాను,” అన్నాడాయన, కళ్ళు ఫోన్లోంచి ఎత్తకుండా.

ఆయన మీద నమ్మకం చాలక, మధ్యాహ్నం ఎక్స్‌రే గదికి వెళ్ళింది. బాబాయ్ బొమ్మ దాచుకున్న పెద్దమనిషి ఇంకా అక్కడే ఉన్నాడు, జుట్టు నెరిసింది. “వరస నేను చెబుతాను, పది నిమిషాల పని, నేర్చుకోండి” అంటే, “నాకెందుకమ్మా లేనిపోని తలనొప్పి! నేర్చుకుంటే రేపట్నుంచి నా నెత్తికే చుట్టుకుంటుంది” అన్నాడు. ఆ మాట అబద్ధం కాదని ఆవిడకి తెలుసు. పైన డాక్టరమ్మ “అయ్యో, మీరు వెళ్ళిపోతున్నారా!” అని నిజంగానే నొచ్చుకుంది. ఈలోగా లోపలికి పేషెంటు వచ్చాడు. డాక్టరమ్మ ఫోల్డరు నొక్కింది, బొమ్మ టక్కున తెరుచుకుంది. వైర్లక్క ఆ తెర వంక కాసేపు చూసి బయటికొచ్చేసింది.

మెట్ల కింద నిలబడి ఇంటికి ఫోను చేసింది. ఇంట్లో ఉన్నది అక్కాచెల్లెళ్ళిద్దరే.

“అక్కా, రేపట్నుంచి పొద్దున్నే నీకు కాఫీ నేనే పెడతా.”

“ఏం, పెట్టెలన్నీ చచ్చాయా?”

“లేదక్కా. బాగానే ఉన్నాయి. అందుకే.”

 అవతల అక్క ఆస్పత్రివాళ్ళని వాళ్ళ ఏడు తరాలతో సహా ఎత్తుకుంది. వైర్లక్క ఆపలేదు. తను అనలేనివి ఎవరో ఒకరు అనాలి కదా.

సాయంత్రం ఐదింటికి కంప్యూటర్లన్నీ ఆపింది, తర్వాత చిన్నపెట్టె, ఆఖరున పెద్దపెట్టె. గుర్రుమనడం ఆగాక ఆ గది ఇంత చిన్నదా అనిపించింది. తాళంచెవి కాపలాదారుకి ఇచ్చింది. గేటు దగ్గర బాబాయ్ కనిపిస్తే, “ఎర్ర ఇంటూ ఉన్నప్పుడు ఎవరి బొమ్మా ఎవరి కంప్యూటర్లోనూ దాచనివ్వకు బాబాయ్” అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు తొమ్మిదింటికి మేనేజరు దర్జాగా తాళం తీయించి, అన్ని మీటలూ ఒకేసారి వేయించాడు. ముప్పై ఎనిమిది తెరల మీదా ఎర్ర ఇంటూలు. మళ్ళీ ఆపారు, మళ్ళీ అన్నీ ఒకేసారి వేశారు. మళ్ళీ అవే. ఎక్స్‌రే గదిలో తుంటి విరిగిన ముసలావిడ బల్ల మీద మూలుగుతోంది. బొమ్మ తీసిన పెద్దమనిషి, “ప్రస్తుతానికి ఇందులోనే దాస్తా” అన్నాడు.

“ఆగండి సారూ!” గుమ్మంలో పళ్ళెంతో బాబాయ్. “నా కాలు పోయింది ఆ ప్రస్తుతంతోనే. డాక్టరమ్మని ఇక్కడికి పిలవండి. పిలిచేదాకా ఈ గుమ్మంలోంచి కదలను.”

డాక్టరమ్మ పరుగున కిందికొచ్చి, ఆ తెర మీదే బొమ్మ చూసింది. ఆ ఒక్క ముసలావిడకి మాత్రం గండం గడిచింది. వరండాలో ఇంకా అరవై మంది ఉన్నారు.

చేతులు కాలాక ఆకులు వెతుకుతున్నాడు మేనేజరు. బయట కంపెనీకి ఫోను చేస్తే ఫిర్యాదు రాసి పంపమన్నారట, మూడు రోజుల్లో మనిషి వస్తాడట. పదకొండు నెలల తర్వాత ఫిర్యాదుల పుస్తకంలో ఒక పంక్తి నిండింది. “బొమ్మల ఫోల్డరు ఏ గదిలోనూ తెరుచుకోవడం లేదు.”

బాబాయ్ టీ తెచ్చాడు. బల్ల మీద మరక పడుతుందని మేనేజరు దగ్గర్లో ఉన్న నీలం అట్ట పుస్తకాన్ని ముందుకి లాగాడు.

“అందులో ఏదో రాసిచ్చినట్టుంది సారూ వైర్లక్క. ఒక్కసారి తెరిచి చూడరాదూ?”

“చూద్దాంలేవయ్యా. ముందు ఈ గొడవ తేలనీ,” అని ఫోను చెవికి ఆనించుకున్నాడాయన.

‘ముందు పెద్దపెట్టె. రెండు పచ్చదీపాలు నిలిచేదాకా ఆగాలి’ అని గుండ్రటి అక్షరాలతో మొదలయ్యే ఆ నోటుబుక్కు మీద, పొగలు కక్కుతూ టీ గ్లాసు ఉంది.