పిడి దించావా, అమ్మాయ్

"ఇవాళ ఎవరో ఒకరు చస్తారు," అంది ఆసెకెన్యే, స్పాంజిని బకెట్‌లో ముంచుతూ.

"నిన్న కూడా అదే అన్నావు అత్తా," పక్క వరసలోంచి అకితెంగ్ నవ్వింది. "మొన్న పామన్నావు. అంతకు ముందు పిడుగన్నావు. ఇంకా బతికే ఉన్నందుకు మమ్మల్ని క్షమించు."

"నవ్వవే, నవ్వు. రాత్రంతా తూర్పు కంచె దగ్గర కుక్కలు మొరిగాయి. ఊరికే మొరుగుతాయా?"

"కుక్కలు మొరక్కపోతే పాటలు పాడతాయా?"

ఆసెకెన్యే పొడుగాటి కర్రకు స్పాంజి తగిలించి, సోలార్ ప్యానెల్ పై అంచు నుంచి కిందికి ఒకటే లాగు లాగింది. ఎర్రటి దుమ్ము నీళ్ళతో కలిసి, గాయం కడిగినట్టు, గడ్డిలోకి కారింది. సోరోటి ఊరి పెద్ద బండ వెనక నుంచి సూర్యుడు ఇంకా పూర్తిగా లేవలేదు. గాజు వేడెక్కిందంటే చన్నీళ్ళు తగిలి పగులుతుంది. అందుకే ఈ కడుగుడంతా ఎండ ముదిరే లోపే.

ఆసెకెన్యే సన్నటి మనిషి. ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి వంగి ఉంటుంది, ఎప్పుడూ చంకలో ఎవరో ఉన్నట్టు. కూతురు బడికి వేసుకున్న పాత స్వెట్టర్ మోచేతుల దగ్గర చిరిగితే వేరే రంగు నూలుతో కుట్టుకుంది. సబ్బు నీళ్ళకు వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, గోళ్ళు పెళుసెక్కాయి. పని చేస్తున్నంతసేపూ కళ్ళు మాత్రం పనిమీద ఉండవు. వరసల చివర బూడిదరంగు పెట్టెల దగ్గర ఎక్కడో వంగి ఉన్న కూతురి పసుపు టోపీ కోసం వెతుకుతుంటాయి.

టోపీ కనబడింది. ఆసెకెన్యే కర్ర ఆపి, గొంతు చించుకుని అరిచింది.

"అమోంగిన్! పిడి దించావా, అమ్మాయ్?"

పసుపు టోపీ తల ఎత్తలేదు. గడ్డి కోసేవాళ్ళలో ఒకడు సన్నటి గొంతుతో "పిడి దించావా, అమ్మాయ్?" అని వెక్కిరించాడు. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. రోజూ ఇంతే. రోజూ జవాబు లేదు.

మాట్లాడే రోజుల్లో అమోంగిన్ అన్నీ చెప్పేది. అన్నం కుండ ముందు కూర్చుని, చోళ్ళ ముద్దను వేళ్ళతో తుంచుతూ చెప్పేది. ఎండ గాజు మీద పడితే లోపల కరెంటు పుడుతుందట. సన్న తీగలు దాన్ని వరస చివర పెట్టెకు తెస్తాయి. అక్కడి నుంచి రెండు లావాటి తీగలు మట్టి కింద నుంచి ఇన్వర్టర్ల గదికి పోతాయి. ఆ గదిలో అది ఊరికి పనికొచ్చే కరెంటుగా మారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాని బలం పెంచి స్తంభాల మీదికి ఎక్కిస్తుంది. ఆ గదిలోంచి వచ్చే జుమ్మనే మోత కంచె అవతల కల్లు కుండ దగ్గర కూర్చున్నవాళ్ళకి కూడా వినబడుతుంది. పగలు మోత ఆగిందంటే ఊళ్ళో కరెంటు పోయినట్టే. ఇది పసిపిల్లలకి కూడా తెలుసు.

"కానీ సూర్యుడికి స్విచ్ లేదమ్మా," అంది ఆ రాత్రి అమోంగిన్. "ఊరి లైను పోతే ఇన్వర్టర్లు వాటంతటవే ఆగిపోతాయి, స్తంభం మీద ఉన్నవాడు చావకూడదని. ఇక్కడ మాత్రం ఎండ ఉన్నంతసేపూ తీగలు బతికే ఉంటాయి. పెట్టె పిడి దించితేనే మట్టిలో తీగ చచ్చేది, పనయ్యాక మళ్ళీ ఎత్తేస్తాం. దించకుండా ముట్టుకుంటే మనిషి బొగ్గే."

బొగ్గు అన్న మాట దగ్గర ఆసెకెన్యే చేతిలో ముద్ద కింద పెట్టేసింది. తెల్లారగానే ఇంజనీరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టింది. నాకు ఒక్కతే పిల్ల, తీగల దగ్గర పెట్టకయ్యా అని ఏడ్చింది. ఆయన జాలిపడ్డాడు. అమోంగిన్‌ని తీసుకెళ్ళి గేటు దగ్గర కూర్చోబెట్టాడు. రాజధాని కంపాలాలో పెద్ద పని నేర్చుకోవడానికి ఆ పిల్ల వెళ్ళాల్సిన చోటుకి ఇంకెవరో వెళ్ళారు. వానలు వెలిశాక అమోంగిన్ మళ్ళీ పెట్టెల దగ్గరికి వచ్చింది గానీ, తల్లితో మాట మాత్రం అక్కడే ఆగిపోయింది. ఒకే ఇల్లు, ఒకే కుండ. వడ్డిస్తే తింటుంది. పిలిస్తే పలకదు.

తిట్టినా బాగుండేది. ఆసెకెన్యే భరించలేనిది నిశ్శబ్దాన్నే.

అమోంగిన్ పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు తుపాకులవాళ్ళు పశువుల్ని తోలుకుపోవడానికి వచ్చారు. గుళ్ళు వృథా అని మనుషుల్ని కత్తులతోనే నరికారు. దొడ్డి గుమ్మంలో మొగుడి చెయ్యి ఒకచోట, మనిషి ఒకచోట పడటం ఆసెకెన్యే జొన్న చేలోంచి చూసింది. పిల్ల ఏడవబోతే నోరు మూసింది. ఆవులు వెళ్ళిపోయాయి, మంటలు వెళ్ళిపోయాయి, అప్పటికి గాని చెయ్యి తియ్యలేదు. తీస్తే పిల్ల పలకలేదు. నోట్లో ఊదింది. కాళ్ళు పట్టి తలకిందులు చేసి వీపు మీద కొట్టింది. పేరు పెట్టి పిలిచింది. ఎంతకీ పలకలేదు. చివరికి పిల్లి కూనలా ఒక్క మూలుగు మూలిగింది. మళ్ళీ ఊపిరి పీల్చుకుంది ఆసెకెన్యే. అప్పటి నుంచి ఎవరైనా పలక్కపోతే ఆమెకు ఆ చేనే కనబడుతుంది.

ఎండ వాలుగా గాజు పలకల మీదికి ఎక్కింది. ఆఖరి వరసలో సగం మిగిలి ఉండగా మోత ఆగిపోయింది.

"పోయింది కరెంటు," అంది అకితెంగ్, నడుం నిమురుకుంటూ. "అత్తా, రా, నీడకి. ఎవరో చస్తారన్నావుగా, చచ్చింది కరెంటే."

ఆసెకెన్యే చుట్టూ చూసింది. తూర్పు కంచె పక్కన గడ్డి కుప్ప ఒకటి ఉంది. నిన్న సాయంత్రం అక్కడ గడ్డి కొయ్యలేదు. మరి కుప్ప ఎక్కడిది?

కుప్ప వెనక నుంచి ముగ్గురు లేచారు.

కాపలావాడు ఒకిరోర్ కర్ర పట్టుకుని "ఎవడ్రా అది" అంటూ ఎదురెళ్ళాడు. మొదటివాడు పార తిప్పి వాడి దవడ మీద కొట్టాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఒకిరోర్ కూలబడి, ఒక పన్నూ ఇంత నెత్తురూ ఉమ్మి, మళ్ళీ లేవబోయాడు. పార మళ్ళీ పడింది. ఈసారి లేవలేదు. రెండోవాడు గడ్డి పక్కకి నెట్టాడు. రాత్రే తవ్వి ఉంచిన గుంటలో రెండు నల్లటి తీగలు జంట పాముల్లా పక్కపక్కనే ఉన్నాయి. తీగల్లోని రాగి కోసం రాత్రే తవ్వి, కరెంటు పోయేదాకా కాచుకున్నారు; కుక్కలు మొరిగింది దీనికే.

పసుపు టోపీ వాళ్ళ మీదికి పరుగెత్తింది.

"కోయొద్దు! అది చావలేదు! చస్తార్రా!"

"ఊళ్ళోనే లేని కరెంటు ఇక్కడికి ఎక్కణ్ణుంచి వస్తుందే?" అని మూడోవాడు అమోంగిన్ మెడ పట్టి ప్యానెల్ ఇనుప చట్రానికేసి కొట్టాడు. ఆ పిల్ల నుదురు చిట్లింది. "మోత ఆగింది వినబళ్ళా? మమ్మల్ని చెవిటివాళ్ళనుకున్నావా?"

రెండోవాడు కత్తి రెండు చేతులా ఎత్తి, తీగలు రెండూ ఒక్క వేటుకే తెగేటట్టు దించాడు.

అది పిడుగులా లేదు. పిడుగైతే ఒక్కసారి పడి పోతుంది. ఇది పోలేదు. గుంటలోంచి తెల్లటి వెలుగు లేచి, వంద గుడ్డలు ఒక్కసారి చింపుతున్నట్టు అరుస్తూ అక్కడే నిలబడింది. కత్తి నీళ్ళై కారింది. వాడి ముఖం మీద చర్మం, చొక్కా ఒకటైపోయాయి. వెనక్కి పడ్డాడు గానీ అరుపు బయటికి రాలేదు. గడ్డి అంటుకుంది. పార ఉన్నవాడు పార వదిలేసి కంచె దూకాడు. అమోంగిన్‌ని పట్టుకున్నవాడు మాత్రం భయంతో బిగుసుకుపోయి, మెడ వదలకుండా, నడుముకున్న కత్తి లాగి పైకెత్తాడు.

ఆసెకెన్యే ఎప్పుడు పరుగెత్తిందో అకితెంగ్ చూడలేదు. కర్ర తిప్పి వాడి నోటి మీద కొట్టడం మాత్రం చూసింది. కర్ర విరిగింది. వాడు అమోంగిన్‌ని వదిలి ఇటు తిరిగాడు. ఒక వేటు వంగిన భుజం మీద పడింది. ఇంకొకటి పక్కటెముకల కింద, లోపలికి దిగింది. ఆసెకెన్యే వాడి చొక్కా రెండు చేతులా పట్టుకుని వేలాడింది.

"పిడి!" అని అరిచింది. "అమోంగిన్! పిడి!"

అమోంగిన్ మండుతున్న గడ్డిలోకి దూకి, పెట్టె తలుపు లాగి, పిడి కిందికి వేసింది. గుంటలో అరుపు టక్కున ఆగింది.

వాడు చొక్కా చింపుకుని కంచె వైపు పరుగెత్తాడు. గడ్డి కోసేవాళ్ళు చుట్టుముట్టారు. పొద్దున వెక్కిరించినవాడే ముందున్నాడు. గడ్డి కోసే వంకర కత్తులు లేచాయి, పడ్డాయి, మళ్ళీ లేచాయి. గడ్డి మీద పడేటప్పుడు వచ్చే సుయ్‌మనే చప్పుడు కాదది. వాడు "అమ్మా" అన్నాడు. ఇంకోసారి "అమ్మా" అన్నాడు.

నేల మీద పడి ఉన్న ఆసెకెన్యే తల అటు తిప్పింది. "ఆపండ్రా... వాడికీ ఒక తల్లి..." అంది. మాట కన్నా నెత్తురే ఎక్కువ వచ్చింది. ఎవరికీ వినబడలేదు. మూడోసారి వాడు పిలవలేదు.

అమోంగిన్ వచ్చి మోకాళ్ళ మీద కూలబడింది. రెండు అరచేతులతో తల్లి పక్కటెముకల కింద అదిమిపట్టింది. వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా వస్తూనే ఉంది. ఆసెకెన్యే కళ్ళు కూతురి నుదుటి గాయం మీద, కాలిన చేతుల మీద, మళ్ళీ గాయం మీద తిరిగాయి.

"పిడి... దించావా, అమ్మాయ్?"

అమోంగిన్ నోరు తెరిచింది. ఇన్ని రోజులు మూసి ఉంచిన గొంతు ఒక్కసారిగా రాలేదు. తల్లి కళ్ళు ఆమె పెదాల మీదే ఆగి, ఎదురు చూసి, ఎదురు చూస్తూనే అలా ఉండిపోయాయి.

ఊరి లైను మళ్ళీ వచ్చింది కాబోలు, మిగతా వరసల కరెంటు అందుకుని ఇన్వర్టర్ల గది జుమ్మని మొదలుపెట్టింది. కంచె అవతల ఎవరింట్లోనో రేడియో మధ్యలోంచి పాట అందుకుంది. అకితెంగ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"దించానమ్మా," అంది అమోంగిన్. "దించాను. రోజూ దించాను. నువ్వు అరవక ముందే దించేదాన్ని."

వరస చివర, సగం కడిగి వదిలేసిన ప్యానెల్ కింద, నీలం బకెట్ అలాగే ఉంది. సబ్బు నురుగు మీద కాలిన గడ్డి నుసి ఒక్కొక్కటే వచ్చి వాలుతోంది.