తోటలకెళ్ళిన లైబ్రరీ

బడి మూసేయమని కబురొచ్చిన రోజు పిల్లలంతా ఇంటిదారి పట్టారుగానీ, తెలుగు టీచరు లేయా మాత్రం లైబ్రరీ గదిలోనే నిలబడిపోయింది. ఆగిరిపల్లి దగ్గర ఆ హైస్కూల్లో లైబ్రరీ అంటే రెండు బీరువాలు, ఒక పొడవాటి బల్ల. కనిపించిన వాళ్ళనల్లా అడిగి ఆ బీరువాలు నింపింది లేయాయే. ఏ పిల్ల ఎలాంటి కథ దగ్గర ఆగుతుందో, ఎవరు బొమ్మలు మాత్రం చూసి పెట్టేస్తారో ఆమెకి కంఠతా వచ్చు.

కిందటేడూ కరోనాకి బడి ఇలాగే మూతపడింది. తిరిగి తెరిచేసరికి గడగడా చదివే పిల్లలు కూడా ఒత్తుల దగ్గర తడబడ్డారు. ఆన్‌లైన్ పాఠాలన్నారు సరే, ఇంటికున్న ఒక్క ఫోనూ నాన్న జేబులో పనికి పోతుండేది. పైగా ఇప్పుడు మామిడి కోతల కాలం. తోటలు కౌలుకి తీసుకున్నవాళ్ళు పిల్లాపాపలతో అక్కడే పాకలేసుకుని కాపలా ఉంటారు. చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతారు పిల్లలు.

"ఈసారి పుస్తకాలే పిల్లల దగ్గరికి వెళ్తాయి సార్" అంది హెడ్మాస్టరు మార్టిన్ గారితో.

ఆయన మంచివాడే, కాకపోతే భయస్థుడు. "పుస్తకం వెంట జబ్బు కూడా వెళ్తే? రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పనమ్మా?"

"తిరిగొచ్చినవాటిని మా డాబా మీద వడియాలు ఎండేసినట్టు ఎండేస్తాను. మన ఎండకి ఏ పురుగు బతుకుతుంది సార్?"

మార్టిన్ గారు బీరువా తాళాలు ఆమె చేతిలో పెట్టి, "జాగ్రత్త" అని మాత్రం అన్నారు.

మొదట్లో లేయాయే స్కూటీ మీద తిరిగింది. మే నెల వచ్చేసరికి మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ పెట్టారు. కొన్ని ఊళ్ళవాళ్ళు దారికడ్డంగా ముళ్ళకంపలు కూడా వేశారు. మనుషులెవరూ కదలడం లేదు, మామిడికాయల బళ్ళు తప్ప. ఆ మాట తట్టగానే లేయా నూజివీడులో వీరభద్రరావు గారి కాయల షెడ్డుకి వెళ్ళింది. రెడ్డిగూడెం నుంచి చాట్రాయి దాకా చాలా తోటల కాయ ఆయన షెడ్డుకే వస్తుంది.

"కాయల బండిలో పుస్తకాలేంటి మేడం గారూ!" అన్నాడాయన. "పాసు మామిడికాయలకిచ్చారు. దారిలో ఆపి ఇవేంటని అడిగితే నేనేం చెప్పుకోను?"

"బడి పుస్తకాలని చెప్పండి. నిజమేగా! అయినా తోటలకి మీ బండి ఖాళీ ట్రేలతోనే కదండీ వెళ్ళేది. అందులో ఒక్క ట్రే నాకివ్వండి చాలు."

"ఈ రోజుల్లో పుస్తకాలు ఎవరు చదువుతున్నారండీ? మా మనవరాలు నిఖితనే చూడండి, తెల్లారి లేస్తే ఫోనే. అన్నం కూడా దాంతోనే."

లేయా సంచిలో చెయ్యి పెట్టి, వెతక్కుండానే ఒక పుస్తకం తీసింది. దెయ్యాల కథలు. "ఇది నిఖితకివ్వండి. చదవకపోతే నేను మళ్ళీ మీ షెడ్డు గడప తొక్కను."

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. "మేడం గారూ, ఏం పుస్తకం ఇచ్చారండీ బాబూ! ఇంట్లో అందరికీ చదివి వినిపించింది. మా ఆవిడ పెరట్లోకి వెళ్ళాలన్నా నన్ను తోడు రమ్మంటోంది. ఇలాంటిది ఇంకోటుందా అని అడగమంది మా పిల్ల." ఆ వెంటనే, "ట్రే ఎక్కడికి పంపమంటారు?" అన్నాడు.

అలా పుస్తకాలు తోటలకి బయల్దేరాయి. ఒక్కోదాన్ని కవర్లో చుట్టి, పైన పిల్ల పేరు రాసి లేయా పంపేది. డ్రైవరు జయకర్ తోట తోటకీ దించి, చదివేసినవి తెచ్చేవాడు. ఎనిమిదో తరగతి వినీల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఆ పిల్ల నాయనమ్మ కనకమ్మ పుస్తకాన్ని పాకలోకి రానివ్వలేదు.

"ఊరూరా తిరిగొచ్చిన కాయితాలు! అవతల పెట్టవే" అని కంచెకి వేలాడదీయించింది. వినీల ఊరుకుంటుందా? కంచె దగ్గరే కూర్చుని పైకి చదవడం మొదలెట్టింది. కాయలు గ్రేడింగ్ చేస్తున్న కనకమ్మ మొదట విననట్టే ఉంది. కథ మధ్యలో వినీల ఆపితే మటుకు, "ఆ మొసలి ఏమైందో చెప్పి చావవే!" అని అరిచింది. ఆ సంగతి ఫోన్లో విని లేయా కడుపుబ్బ నవ్వింది.

నవ్విన వారం తిరక్కుండానే ఆమెకి జ్వరం పట్టుకుంది. పరీక్ష చేస్తే పాజిటివ్. మేడ మీద గదిలో ఒక్కతే. దగ్గు, ఆయాసం. మాట్లాడొద్దు, పడుకోండి అన్నాడు డాక్టరు. బీరువా తాళాలు ఆమె దగ్గరే, తాను ముట్టుకున్నది ఎవరికీ ఇవ్వడానికి లేదు. తన ఒంటికంటే, ఆగిపోయిన పుస్తకాల గురించే ఎక్కువ బెంగపడింది. ఇంత చేసీ చివరికి కిందటేడు లాగే అయిపోతుందేమో అనిపించి మొదటిసారి ఆమెకి ధైర్యం సడలింది.

ఆ సాయంత్రం వినీల ఫోన్ చేసింది. "టీచర్, మీరు మాట్లాడకండి, వినండి చాలు. పుస్తకాలు ఆగలేదండీ. మావి చాట్రాయి తోటకి పంపాం, వాళ్ళవి మాకొచ్చాయి. జయకర్ అన్నయ్య తిప్పుతున్నాడు. వచ్చినవాటిని నాయనమ్మ పట్టా మీద మామిడి ఒరుగుల పక్కనే ఎండబెడుతోంది. ఎండకుండా ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు."

వెనకనించి కనకమ్మ గొంతు ఖంగుమంది. "ముందు టీచరమ్మకి కథ చదవవే! ఒక్కతే ఉందంట పాపం."

వినీల చదివింది. లేయా కళ్ళు మూసుకుని విన్నది. ఎక్కడా తడబాటు లేదు. ఒత్తులు ఒత్తుల్లా పలుకుతున్నాయి, ప్రశ్న దగ్గర గొంతు లేస్తోంది, దుఃఖం దగ్గర దిగుతోంది. తను క్లాసులో చదివే తీరే అది. కన్నీళ్ళు చెంపల మీంచి దిండులోకి జారాయి. పిల్లకి వినపడుతుందేమోనని ముక్కు కూడా ఎగబీల్చలేదు. ఆ తర్వాత రోజూ సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేసి చదివేవారు. ఒకసారి నిఖిత కూడా చేసింది, దెయ్యం కథతో. ఆయాసం తగ్గాక లేయా మాట్లాడిన మొదటి మాట, "కామా దగ్గర కొంచెం ఆగమ్మా."

ఆగస్టులో బడి తెరిచారు. పిల్లలు మాస్కులతో వరసగా వచ్చి పుస్తకాలు అప్పగించారు. చాలావాటికి మామిడి సొన మరకలు. ఒకటి వానకి తడిసి ఉబ్బింది. రెండు దొరకనేలేదు. ఉబ్బిన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసిన మార్టిన్ గారు, ఎదురుగా నిలబడ్డ వినీలకిచ్చి ఒక పేజీ చదవమన్నారు. ఆ పిల్ల చదివింది. ఆయన ఇంకో పిల్లని పిలిచారు. ఆపైన ఇంకొకరిని. మరకల ఊసే ఎత్తలేదు.

తలా ఇంకో పుస్తకం పట్టుకుని అందరూ వెళ్ళాక, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని కనకమ్మ గుమ్మంలోకొచ్చింది.

"టీచరమ్మా, మనిషికొక్క పుస్తకమేనంటగా? మా పిల్లది మా పిల్లకిచ్చారు. మరి నాది?"

"మీరు చదువుతారా పెద్దమ్మా?"

"నాకు అక్షరమ్ముక్క రాదు. అది చదివిపెడుద్ది. సముద్రం గురించి ఏదన్నా ఉంటే చూడమ్మా, నేనెప్పుడూ చూళ్ళేదు."

లేయా నవ్వి, బీరువా వైపు నడిచింది.